పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లో మంచి పాట డోరు దగ్గర మొదలవుతుంది

పాత స్కార్పియో, సఫారీ, బొలెరో, జిప్సీ లాంటి బండి చేతికొచ్చాక చాలామంది ముందుగా చేయించే పని ఒకటుంది. కంపెనీ స్టీరియో పీకించి, దాని చోట తొమ్మిదో పదో అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టిస్తారు. షాపు ముందు ఇంజిన్ ఆపి విన్నప్పుడు బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 80 దాటగానే పాటలో మృదంగం, బేస్ గిటార్ మాయమై గొంతూ తాళాలూ మాత్రం మిగులుతాయి. వాల్యూమ్ పెంచితే ఆ గొంతు కూడా బొంగురుపోతుంది. కొన్నాళ్లకు ఆంప్లిఫయర్ వస్తుంది, ఆ తర్వాత డిక్కీలో బేస్ బాక్సు వస్తుంది. ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, రోడ్డు మీద వినిపించేది మాత్రం పెద్దగా మారదు.

ఈ లోపం చాలావరకు బండిలోనే ఉంది, స్టీరియో వాటా అందులో తక్కువ. కాబట్టి డబ్బు పెట్టే వరుస తిరగెయ్యాలి. ముందు రొద, తర్వాత డోర్లు, స్పీకర్లు, ఆపైన వైరింగ్. డ్యాష్‌బోర్డులో కనిపించే సెట్టు వంతు అన్నిటికంటే చివర రావాలి. షాపుల్లో జరిగేది సరిగ్గా దీనికి ఎదురు. స్క్రీన్ అమ్మడం తేలిక, డోరు విప్పి రెండు గంటలు పనిచెయ్యడం కష్టం.

రొదను తగ్గించడమూ ఆంప్లిఫయర్ కొన్నట్టే

1985లో వచ్చిన జిప్సీ, 1998 నాటి సఫారీ, 2000 నాటి బొలెరో, 2002 నాటి స్కార్పియో అన్నీ లాడర్ ఫ్రేమ్ ఛాసిస్, అంటే నిచ్చెనలాంటి ఉక్కు చట్రం మీద బాడీ బిగించిన బళ్లు. గాలికి ఎదురు నిలిచే నిటారు అద్దాలు, పెద్ద టైర్లు, జిప్సీని మినహాయిస్తే ఎక్కువగా డీజిల్ ఇంజిన్లు. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకునే వీలుంది గనుక తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద ఇవి ఇంకా బాగానే తిరుగుతున్నాయి. అన్నేళ్లకు డోర్ల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు గట్టిపడి గాలి లోపలికి ఈలవేస్తుంది. కింద కార్పెట్ వెనక ఉండే దట్టమైన పొర పొడిపొడి అయిపోతుంది.

ఇలాంటి బండి హైవే వేగంలో ఉన్నప్పుడు క్యాబిన్‌లో 70 డెసిబెల్స్ పైన రొద ఉండటం మామూలే. అందులో పెద్ద భాగం ఇంజిన్, టైర్లు, గేర్‌బాక్సు నుంచి వచ్చే లోతైన మోత. పాటలో బేస్ ఉండేదీ సరిగ్గా అక్కడే. ఒకే శ్రుతి ప్రాంతంలో రెండు శబ్దాలుంటే చెవికి పెద్దదే వినిపిస్తుంది. ఆగి ఉన్నప్పుడు వినబడిన మృదంగం 80లో మాయమవ్వడానికి కారణం ఇదే.

పాట స్పష్టంగా వినాలంటే అది రొదకంటే 10 డెసిబెల్స్ అయినా పైన ఉండాలి. శబ్దాన్ని 3 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి, 10 పెంచాలంటే పదిరెట్లు. అంటే రొదను 3 డెసిబెల్స్ తగ్గించగలిగితే 50 వాట్ల ఆంప్లిఫయర్‌ను 100 వాట్లకు మార్చినంత లాభం, అదీ బ్యాటరీ మీద భారం లేకుండా. చెవుల సంగతి కూడా ఉంది. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ఆపైన 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. హైదరాబాద్ నుంచి తిరుపతికి రాత్రంతా నడిపేవాళ్లు రొదను పాటతో ముంచెయ్యాలని చూస్తే ఈ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

కొత్త బీడింగు వేయించడం, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో వైర్లు వచ్చే కన్నాలకు రబ్బరు గ్రొమెట్లు (వైరు చుట్టూ కన్నాన్ని మూసే రింగులు) సరిచెయ్యడం, గేర్ లివర్ల కింద చిరిగిన రబ్బరు తొడుగులు, అంటే బూట్లు మార్చడం చవకైన పనులు. 4×4 బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) లివర్ బూటును చాలామంది పట్టించుకోరు, రొద మాత్రం దాని చిరుగులోంచి నేరుగా పైకి వస్తుంది. బురద కోసం లోతైన గాట్లుండే మడ్ టెరైన్ టైర్లు వేసిన బండి ఏడాదిలో ఎన్నిసార్లు బురదలోకి దిగుతుందో యజమాని నిజాయితీగా చూసుకోవాలి. ఊరూ హైవే తప్ప తిరగని బండికి హైవే టెరైన్ టైర్లు వేస్తే పాట ఒక్కసారిగా పైకి తేలుతుంది. గుడ్డ టాపు ఉన్న జిప్సీకి, పాత థార్‌కి ఇవేవీ పెద్దగా పనిచెయ్యవు. వాటిలో తక్కువ శక్తితో గట్టిగా మోగే స్పీకర్లను చెవికి దగ్గరగా, రోల్ బార్ మీద బిగించుకోవడమే దారి.

డోర్ ప్యాడ్ వెనక

ముందు డోర్ ప్యాడ్ ఒకటి విప్పి చూస్తే సంగతి అర్థమవుతుంది. చెయ్యి పట్టుకునే పిడిలో రెండు స్క్రూలు, అద్దం తిప్పే హ్యాండిల్ ఉంటే దాని వెనక ఒక స్ప్రింగు క్లిప్పు, అంచు చుట్టూ ప్లాస్టిక్ బటన్లు. ప్యాడ్ ఊడాక నల్లటి జిగురుతో అతికిన పల్చటి ప్లాస్టిక్ షీటు కనిపించాలి. పాత బళ్లలో చాలావాటికి అది ఉండదు, ఉన్నా ఏ అద్దం మోటారు రిపేరులోనో సగం చిరిగి ఉంటుంది. లోపలి రేకులో అరచేతులు దూరేంత పెద్ద కన్నాలు. కింద స్పీకరు, దాని అట్ట కోను అంచు ఎండి బీటలు తీసి ఉంటుంది.

స్పీకరు కోను ముందుకు గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. లోతైన స్వరాల దగ్గర ఈ రెండు అలలూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కన్నాలున్న డోరులో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ముందు వెనకల గాలి కలవకుండా ఆ కన్నాలు మూయడం, వణికే రేకును కట్టడి చెయ్యడం ఇక్కడ చెయ్యాల్సిన రెండు పనులు.

బయటి రేకు మీద వేలి కణుపుతో కొడితే డబడబమంటుంది. దాని లోపలి వైపు అల్యూమినియం పొర ఉన్న బ్యుటైల్ డ్యాంపింగ్ షీటును రోలరుతో గట్టిగా నొక్కి అతికిస్తే అదే చోట టక్కుమంటుంది. రేకు మొత్తం కప్పనవసరం లేదు. మధ్య భాగంలో మూడోవంతు అతికించినా వణుకు చాలావరకు పోతుంది. మొత్తం కప్పితే బరువు పెరిగి పాత డోరు హింజ్‌లు (కబ్జాలు) మరింత కిందికి దిగుతాయి. షీటు రకం విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఇంటి పైకప్పు కారకుండా వేసే తారు షీట్లను చూడటానికి ఒకేలా ఉన్నాయని డ్యాంపింగ్ పేరుతో అంటించే చోట్లున్నాయి. రామగుండం, రెంటచింతల ఎండల్లో నిలబడ్డ బండిలో ఆ తారు మెత్తబడి జారుతుంది, క్యాబినంతా వాసన పడుతుంది.

ఒక జాగ్రత్త. వాన నీళ్లు అద్దం పక్కనుంచి డోరు లోపలికి దిగడం సహజం. అవి బయటి రేకు వెంట జారి డోరు అడుగునున్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోయేలా కంపెనీ అమర్చింది. ఆ రంధ్రాలమీద డ్యాంపింగ్ షీటు పడితే నీళ్లు నిలిచి డోరు అడుగునుంచి తుప్పు పడుతుంది. లోపలి రేకు మీది ప్లాస్టిక్ షీటు పనీ నీళ్లను ఆపడమే. అది తీసి పారేస్తే నీళ్లు ప్యాడు అట్టకు పట్టి, అక్కడనుంచి కాళ్లకింద కార్పెట్‌కు చేరతాయి. లోపలి కన్నాలను డ్యాంపింగ్ షీటుతో పూర్తిగా మూసేస్తే ఆ ప్లాస్టిక్ పని కూడా అదే చేస్తుంది.

పెట్టె మీద వాట్లు, వెనక ఫ్యూజు

స్టీరియో పెట్టె మీద 60 వాట్లు × 4 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సెట్టు వెనక ఫ్యూజు చూస్తే అసలు లెక్క తేలుతుంది. అక్కడ 10 ఆంప్‌ల ఫ్యూజు ఉందనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 14.4 వోల్టులతో హెచ్చిస్తే లోపలికి వచ్చేదే 144 వాట్లు. 240 వాట్లు బయటికి నిలకడగా ఇవ్వడం అసాధ్యం. 14.4 వోల్టుల మీద నేరుగా నడిచే ఆంప్లిఫయర్ చిప్పు 4 ఓమ్‌ల స్పీకరుకు వక్రీకరణ లేకుండా, అంటే శబ్దం చెడకుండా ఇవ్వగలిగేది, నష్టాలేమీ లేవనుకున్నా, 26 వాట్లు దాటదు. నిజంలో 20 అటూ ఇటూ. ఈ లెక్కను ఒక పద్ధతిలో పెట్టడానికే అమెరికాలో సీటీఏ-2006 అనే పేరుతో ఒక ప్రమాణం వచ్చింది. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, 1 శాతంలోపు వక్రీకరణ దగ్గర కొలిచిన ఆర్‌ఎంఎస్ వాట్లే, అంటే నిలకడగా ఇచ్చే శక్తే అందులో చెల్లుతుంది. పెట్టె మీద క్షణకాలపు పీక్ వాట్లు కాకుండా ఈ అంకె వెతకాలి.

పాత కంపెనీ సెట్టులోనూ కొత్త సెట్టులోనూ ఈ శక్తి దాదాపు ఒకటే. సెట్టు మార్చినంత మాత్రాన పాట గట్టిగా రాకపోవడానికి కారణం అదే. ఉన్న 20 వాట్లతో ఎక్కువ శబ్దం కావాలంటే స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె చూసుకోవాలి. 91 డెసిబెల్స్ ఉన్న స్పీకరు, 88 ఉన్నదానికంటే సగం శక్తితోనే అదే శబ్దం ఇస్తుంది. వేరే ఆంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం లేనివాళ్లకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన అంకె. అయినా షాపులో దీన్ని అడిగేవాళ్లు తక్కువ.

కొనేముందు కొలవాల్సింది ఇంకొకటి, లోతు. అద్దం పూర్తిగా కిందికి దించి, స్పీకరు కన్నం నుంచి అద్దం దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూడాలి. పెద్ద అయస్కాంతం ఉన్న స్పీకరు అద్దానికి తగిలితే స్పేసర్ రింగు వెయ్యాలి. ఎమ్‌డీఎఫ్ చెక్క రింగు డోరులో తడికి ఉబ్బి విచ్చుకుంటుంది. ప్లాస్టిక్‌దో అల్యూమినియందో మేలు. కోను కూడా అట్టది కాకుండా పాలీప్రొపిలీన్‌ది, అంచు రబ్బరుదీ అయితే మన ఉక్కపోతకు తట్టుకుంటుంది.

ఈ బళ్లలో సీటు ఎత్తు, స్పీకరు మాత్రం మోకాలి కిందుంటుంది. సన్నటి స్వరాలు కాళ్లకూ ప్యాంటుకూ తగిలి అక్కడే ఆగిపోతాయి. సన్నటి స్వరాల చిన్న స్పీకరు, అంటే ట్వీటర్ విడిగా ఉండే కాంపోనెంట్ సెట్టు తీసుకుని ట్వీటర్‌ను అద్దం మూల దగ్గర పెడితే గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డు ఎత్తుకు లేస్తుంది. వెనక స్పీకర్ల మీద పెట్టే డబ్బు ముందువాటి మీద పెడితే ఎక్కువ ఫలితం.

వైర్లు, ఎర్త్, పాత తప్పులు

ఇరవై ఏళ్ల బండి డ్యాష్‌బోర్డు వెనక కనిపించేది ఒక్క యజమాని పని కాదు. అలారం, ఫాగ్ లైట్లు, పాత డెక్కు, మొబైల్ ఛార్జర్ కోసం ఒక్కొక్కరు వైరు గిల్లి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేసి ఉంటారు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది, రాగి బయటపడుతుంది. కంపెనీ కప్లర్‌ను (వైర్లను కలిపే ప్లగ్గును) కోసెయ్యకుండా దానికి సరిపోయే అడాప్టర్ వైరింగ్ తెచ్చి కలపడం కొన్ని వందల రూపాయల్లో అయ్యే పని. రేపు పాత సెట్టు మళ్లీ పెట్టాలన్నా కప్లర్ కలిపితే చాలు. కప్లర్ ఎప్పుడో పోయిన బండిలో మంచి క్రింపింగ్ పనిముట్టుతో స్లీవులు నొక్కించి, పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వెయ్యాలి.

కొత్త సెట్లకు రంగుల వాడుక దాదాపు ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, ఎరుపు తాళం తిప్పాకే వచ్చేది, నలుపు ఎర్త్, నీలం ఏరియల్‌కి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్లిఫయర్ ఆన్ చెయ్యడానికి. తెలుపు, బూడిద జతలు ముందు స్పీకర్లవి, ఆకుపచ్చ, ఊదా వెనకవి. పాత బండి వైపున్న రంగులు మాత్రం దీనికి కట్టుబడి ఉండవు, మల్టీమీటరు పెట్టి తేల్చుకోవాలి. మరీ పాత జీపుల్లో స్పీకరు నెగటివ్ వైరు నేరుగా బాడీకి కలిపి ఉండటమూ ఉంది. నేటి సెట్లలో స్పీకరు రెండు వైర్లలోనూ వోల్టేజీ ఉంటుంది. నెగటివ్‌ను బాడీకి తగిలిస్తే లోపలి చిప్పు కాలిపోవచ్చు. అలాంటి బండికి నాలుగు స్పీకర్లకూ రెండేసి కొత్త వైర్లు లాగక తప్పదు.

ఎర్త్‌ను పరీక్షించే తీరు ఇది. ఇంజిన్ స్టార్ట్ చేసి, పాట గట్టిగా పెట్టి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని సెట్టు నల్ల వైరు కొస మీద పెట్టాలి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. అర వోల్టు చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పుందని అర్థం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ల బళ్లలో బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ పట్టీల బోల్టుల కింద పచ్చటి పొర కడుతుంది. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు బిగించి, పైన గ్రీజు రాస్తే చాలు. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కుయ్‌మని పెరిగే ఆల్టర్నేటర్ కూత కూడా చాలాసార్లు ఇక్కడే పోతుంది. అయినా పోకపోతే సెట్టుకూ ఆంప్లిఫయర్‌కూ వేర్వేరు చోట్ల ఎర్త్ ఇచ్చారేమో, సిగ్నల్ వైరు పవర్ వైరు పక్కనే పరిచారేమో చూడాలి. నాయిస్ ఫిల్టర్ కొనడం ఆ తర్వాతి మాట.

ఆంప్లిఫయర్ పెట్టేవాళ్లు వైరు మందం లెక్క చూసుకోవాలి. 300 వాట్ల క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ గట్టిగా మోగినప్పుడు 30 ఆంప్‌ల దాకా లాగుతుంది. ముందు బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా 5 మీటర్ల వైరు అనుకుంటే, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 0.7 వోల్టులు పోతాయి. 10 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 లోపే. ఇవి స్వచ్ఛమైన రాగికి వచ్చే లెక్కలు. చవక కిట్లలో ఎక్కువగా దొరికేది సీసీఏ, అంటే పైన రాగి పూత ఉన్న అల్యూమినియం. అందులో నష్టం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా గీకి చూశాకే డబ్బివ్వాలి. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఆంప్లిఫయర్ దగ్గర మాత్రమే పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. అతుకుల రోడ్ల మీద ఊగే బండిలో ఒరుసుకోవడం జరిగి తీరుతుంది.

అప్పుడు సెట్టు

పాత డ్యాష్‌బోర్డుల్లో ఎక్కువగా ఉండేది 180 × 50 మిల్లీమీటర్ల సింగిల్ డిన్ గూడు, కొన్నింటిలో దానికి రెట్టింపు ఎత్తున్న డబుల్ డిన్. పెద్ద స్క్రీన్ కోసం ఏసీ గాలి దారులనో స్విచ్చులనో కోయించడం తిరిగి సరిచెయ్యలేని పని. గతుకుల దారిలో టచ్ స్క్రీన్ మీద వేలు అనుకున్న చోట పడదు. గుండ్రంగా తిరిగే వాల్యూమ్ నాబ్‌ను చూడకుండానే పట్టుకోవచ్చు. బ్లూటూత్, యూఎస్‌బీ, ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే ప్రీఅవుట్లు ఉన్న సింగిల్ డిన్ సెట్టు, పక్కన గట్టి మొబైల్ హోల్డరు ఈ బళ్లకు బాగా నప్పే జోడీ. వెనక కెమెరా అవసరమనిపిస్తే స్క్రీన్‌కు న్యాయముంది, పొడవైన సఫారీని సందులో వెనక్కి తీసేవాళ్లకు అది నిజంగా ఉపయోగమే.

ఆండ్రాయిడ్ సెట్టు పెట్టించినవాళ్లు బండి ఆపాక అది ఎంత కరెంటు లాగుతోందో కొలిపించుకోవాలి. ఎరుపు, పసుపు వైర్లను కలిపి కట్టేసినా, సెట్టు సరిగ్గా నిద్రపోకపోయినా 0.3 ఆంప్ నిరంతరం పోతుందనుకుందాం. రోజుకు 7 ఆంపియర్ అవర్లు. వారం పాటు కదలని బండి ఎనిమిదో రోజు స్టార్ట్ కాకపోతే తప్పు బ్యాటరీది కాదు. తాళం తీసి కాసేపయ్యాక బండి మొత్తం మీద 0.05 ఆంప్ లోపు ఉండాలి.

రేడియో వినేవాళ్ల బాధ వేరు. ఏరియల్ అడుగు తుప్పుపట్టినా, ఏరియల్ బూస్టర్‌కు నీలం వైరు కలపడం మర్చిపోయినా ఎఫ్‌ఎం ఊరు దాటగానే గరగరమంటుంది. డ్యాష్‌క్యామ్, చవక మొబైల్ ఛార్జర్లు కూడా ఎఫ్‌ఎంను పాడుచేస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా పీకి చూస్తే దొంగ దొరుకుతుంది. కడప, విజయవాడ ఆకాశవాణిని మీడియం వేవ్‌లో వినే అలవాటున్నవాళ్లు కొత్త సెట్టులో ఏఎం ఉందో లేదో, ఉంటే ఎలా పలుకుతుందో షాపులోనే వినాలి.

టైమ్ అలైన్‌మెంట్, అంటే ఒక్కో స్పీకరు శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే వీలు ఉన్న సెట్టుకు కొంచెం ఎక్కువ పెట్టొచ్చు. మన బళ్లలో డ్రైవరు కుడి డోరుకు ఆనుకుని కూర్చుంటాడు. ఎడమ స్పీకరు అరమీటరు ఎక్కువ దూరంలో ఉంటుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆ తేడా ఒకటిన్నర మిల్లీసెకను. అంత తక్కువ తేడాకే పాటంతా కుడి మోకాలి దగ్గరనుంచి వస్తున్నట్టుంటుంది. కుడి స్పీకరును ఆ మేరకు ఆలస్యం చేస్తే గొంతు స్టీరింగ్ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇదంతా మెనూలో రెండు నిమిషాల పని, షాపువాళ్లు చేసి ఇవ్వరు కాబట్టి యజమానే చేసుకోవాలి.

బేస్ బాక్సు చివరిది. డోర్లు సరిగ్గా మూసిన బండిలో చాలామందికి దాని అవసరం కనిపించదు. కావాలనుకుంటే సీటు కింద పట్టే పల్చటిది చాలు. నీళ్లు దాటే బళ్లలో మాత్రం దాన్నీ ఆంప్లిఫయర్‌నూ నేలకు ఆనించి పెట్టకూడదు. డిక్కీలో పెద్ద బాక్సు పెట్టేవాళ్లు వెనక ఎదురెదురు సీట్లలో కూర్చునే పిల్లలను గుర్తుంచుకోవాలి. వాళ్ల కాళ్లకు అడుగు దూరంలో ఆ కోను కొడుతుంటుంది. పదిహేను కిలోల బాక్సును తాడుతోనో వెల్‌క్రోతోనో ఆపలేరు. బండి పల్టీ కొట్టినప్పుడు, గట్టి బ్రేకు పడినప్పుడు అది ముందు సీట్ల దాకా వస్తుంది. కింది రేకు అవతలి వైపు పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు లేని చోటు చూసి, రేకుకు కింద వెడల్పాటి వాషర్లు వేసి, నాలుగు బోల్టులతో బిగించాలి.